న్యూటన్ ట్రాకర్ ఆన్ చేసే ముందు

అక్టోబరు దగ్గరపడింది. వైజాగ్‌లో తుపాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ కొట్టింది కూడా అక్టోబరు 12నే. దసరా సెలవుల్లో పాత ఆపిల్ న్యూటన్ (1990ల నాటి చేతి కంప్యూటర్) బయటకు తీసి, ఏ న్యూటన్ ఆన్‌లైన్‌లో ఉందో చూపించే ఎన్‌పీడీఎస్ ట్రాకర్ సర్వర్ పెట్టాలనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• ఇంటి వైఫైని వెప్‌కి మార్చకండి, అది పాత, బలహీనమైన వైఫై తాళం. న్యూటన్‌లో పెట్టే పాత వైఫై కార్డులు చాలావరకు వెప్ దాటి రావు. సరే కదా అని ఇల్లంతా వెప్ చేస్తే, ఆ తాళం నిమిషాల్లో ఊడుతుంది, మీ యూపీఐ ఫోన్ కూడా ఆ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. నేనూ ఒక రాత్రంతా అలాగే వదిలేశాను, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. అటక మీది పాత రౌటర్‌ని విడిగా వాడండి, పని అయ్యాక ఆపేయండి.

• రౌటర్‌లో బయటికి తెరవాల్సిన పోర్టులు (దారులు) రెండే: ట్రాకర్‌కి 3680, జాబితా చూపే వెబ్ పోర్ట్, అంతే. మిగతావి తెరవద్దు.

• రౌటర్‌లో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది పదిమందితో పంచుకున్నది. బయటి న్యూటన్లు మీ ట్రాకర్‌ని చేరలేవు. ఇంటర్నెట్ కంపెనీని పబ్లిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే బయటి అడ్రస్) అడగండి.

• న్యూటన్‌లో తేదీ ప్యాచ్ ఉందా? లేకపోతే 2010 జనవరి 5 తర్వాత తేదీలు తప్పుతాయి.

• వాడనప్పుడు పెన్సిల్ సెల్స్ తీసేయండి. ఉప్పుగాలికి మా న్యూటన్ మెసేజ్‌ప్యాడ్ స్ప్రింగ్ చుట్టూ పచ్చటి పొడి పేరుకుంది, వెనిగర్ ముంచిన దూదితో గంటసేపు రుద్దాను.

• యూపీఎస్. కరెంటు పోతే జాబితా ఖాళీ.