ఇంటి నుంచి ఇంటికి విమాన ప్రయాణం లెక్క

విమానం గంటంబావులో దిగుతుందని టికెట్‌పై ఉన్నా, కూకట్‌పల్లిలో బయలుదేరినవారు కాకినాడలో ఇంటి గడప తొక్కేసరికి పూట గడిచిపోతుంది.

గూగుల్ మ్యాప్స్‌లో ఒక విమానాశ్రయంపై వేలు నొక్కిపట్టి, దూరం కొలిచే వీలును ఎంచుకుని, రెండో విమానాశ్రయం వరకు గీతను జరిపితే ఆకాశమార్గపు దూరం కిలోమీటర్లలో కనిపిస్తుంది. శంషాబాద్ నుంచి రాజమండ్రి మధురపూడికి అది సుమారు 360 కిలోమీటర్లు. రెక్కల ముందు ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ విమానమైతే ఆ దూరాన్ని 500తోను, పెద్ద జెట్ అయితే 800తోను భాగించి, వచ్చిన గంటలను 60తో హెచ్చించి నిమిషాలుగా మార్చి, రన్‌వే దాకా వెళ్లడానికి, పైకెక్కి దిగడానికి మరో 30 నిమిషాలు కలపాలి. ఇక్కడ ఏటీఆర్‌కు 43, 30 కలిపి 73 నిమిషాలు వస్తుంది.

దానికి శంషాబాద్ చేరడానికి గంటంబావు, అక్కడ ముందుగా ఉండవలసిన రెండు గంటలు, సామాను కోసం 20 నిమిషాలు, మధురపూడి నుంచి కాకినాడకు కారులో గంటన్నర కలిపితే మొత్తం ఆరు గంటలు దాటుతుంది. చేతిసంచీ మాత్రమే ఉన్నవారు ఆ 20 నిమిషాలు తీసేయవచ్చు. ఈ లెక్క చూశాక, రాత్రి రైలెక్కి నిద్రపోతూ వెళ్లడమే నయమని కొందరికి తోచినా ఆశ్చర్యం లేదు.

నేరుగా వెళ్లే విమానం లేని ఊళ్ల మధ్య ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు రెండు అంచెలనూ విడివిడిగా లెక్కగట్టి, మధ్యలో ఆగే సమయాన్ని టికెట్‌లో చూసి కలుపుకోవాలి.