చచ్చిన విలన్ తిరిగి రాగలడా? కామిక్స్‌లో లెక్క తేల్చే పద్ధతి

ముందు మూడు ఇష్యూలు (కామిక్ సంచికలు) దగ్గర పెట్టుకోండి: విలన్ చచ్చినది, దాని తర్వాతిది, వాడికి శక్తులు ఎలా వచ్చాయో చెప్పినది. నెట్‌లో దొరికే సారాంశాలు ఈ పనికి చాలవు. వాటిలో "పోరాటంలో చనిపోయాడు" అని ఒక ముక్క ఉంటుంది, అంతే. మనకు కావలసింది వేరు. శవం ప్యానెల్లో, అంటే పేజీలోని బొమ్మ గడిలో, కనిపించిందా? ఎవరు చూశారు? ఆ తర్వాత దాన్ని ఎవరు ముట్టుకున్నారు?

స్పైడర్‌మ్యాన్ విలన్ గ్రీన్ గాబ్లిన్ మీద ఈ పద్ధతి పెట్టి చూద్దాం. ఇంతకంటే గట్టి పరీక్ష దొరకదు.

అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ ఇష్యూలో (1973 జూన్) హీరో ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోతుంది. 122లో గాబ్లిన్, అంటే నార్మన్ ఆస్‌బోర్న్, స్పైడర్‌మ్యాన్ వీపు వెనక నుంచి తాను ఎక్కి ఎగిరే యంత్రం గ్లైడర్‌ను రప్పిస్తాడు. చివరి క్షణంలో స్పైడర్‌మ్యాన్ తప్పుకుంటాడు, గ్లైడర్ ముక్కు నార్మన్ రొమ్ములోనే దిగుతుంది. హీరో కళ్ల ముందే జరిగింది, శవం పేజీ మీదే ఉంది. కాబట్టి "నదిలో పడ్డాడు, దొరకలేదు" లాంటి దారులు మూసుకుపోయాయి. ఒక్క సందు మాత్రం మిగిలింది. చాటునుంచి చూసిన కొడుకు హ్యారీ, తండ్రి గుట్టు బయటపడకూడదని శవం మీది వేషం విప్పేశాడు. అంటే శవం హీరో చూపు దాటి ఇంకొకరి చేతిలో పడింది. ఇలాంటి సందు కనిపిస్తే గీత గీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు శక్తుల పుట్టుకకు వెళ్లండి. 40వ ఇష్యూ (1966) ప్రకారం, నార్మన్ తన భాగస్వామి స్ట్రామ్ ఫార్ములా కలుపుతుంటే అది ఆకుపచ్చగా మారి ముఖం మీద పేలింది. బలం పెరిగింది, తెలివి పెరిగింది, మతి చెడింది. గాయాలు వాటంతటవే మానతాయన్న మాట అక్కడ లేదు. 1996 డిసెంబరులో, పీటర్ పార్కర్: స్పైడర్‌మ్యాన్ 75వ ఇష్యూలో నార్మన్‌ను వెనక్కి తెచ్చినప్పుడు ప్రచురణ సంస్థ మార్వెల్ ఆ గుణాన్ని ఫార్ములాకు అతికించింది. మార్చురీలో మెలకువ వచ్చిందట, తన ఒడ్డూపొడవూ ఉన్న ఇంకొకణ్ని చంపి తన చోట పెట్టాడట, యూరప్‌కు వెళ్లిపోయాడట.

ఈ వివరణలో శవం మార్పిడి నిలబడుతుంది, ఎందుకంటే శవం ఎలాగూ చేతులు మారింది. గాయం మానడమే బలహీనం: అది చావుకు ముందు ఎక్కడా నాటని విత్తనం. మనకు జరాసంధుడి కథ తెలుసు. రెండు ముక్కలుగా పుట్టినవాణ్ని జర అతికించిందని ముందే విన్నాం కాబట్టి, భీముడు చీల్చిన ముక్కలు మళ్లీ కలిశాయంటే అడ్డు చెప్పం. నియమం ముందుండాలి, అక్కర తర్వాత రావాలి.

కాలం లెక్కలో చాలామంది పొరబడతారు. 1973 నుంచి 1996 వరకు మనకు 23 ఏళ్లు. స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్ మాత్రం కాలేజీ కుర్రాడి నుంచి పెళ్లైన యువకుడి దాకా వచ్చాడు, అంతే. కాబట్టి "ఇన్నేళ్లు ఎక్కడున్నాడు" అని అడిగేటప్పుడు పాత్ర వయసుతో లెక్కపెట్టాలి, క్యాలెండర్‌తో కాదు. అయినా ప్రశ్న మిగులుతుంది: ఊరుకున్నాడెందుకు? పీటర్‌కు నకలు మనిషి ఎదురైన క్లోన్ గొడవ మొత్తం వెనకుండి నడిపింది తానేనని చెప్పించారు. మాకు ఇది సగమే నమ్మకంగా తోస్తుంది. ఈలోగా హ్యారీ తండ్రి ముసుగు తొడిగి, పగతో కుంగి, 1993లో స్పెక్టాక్యులర్ స్పైడర్‌మ్యాన్ 200వ ఇష్యూలో చనిపోయాడు. బతికున్న తండ్రి కోసం కొడుకు పగ మోశాడంటే, మధ్యలో వచ్చిన కథలన్నీ మళ్లీ చదువుకోవాలి. శరీరం లెక్క సరిపోయినా ఇక్కడే చాలా రాకలు దెబ్బతింటాయి.

మిగతా దారులు త్వరగా చూడొచ్చు. అన్నింటికంటే పటిష్ఠమైనది బ్యాట్‌మ్యాన్ విలన్ రాస్ అల్ గూల్‌ది. చచ్చినవాణ్ని లేపే గుంట లాజరస్ పిట్ 1970ల మొదటి కథల్లోనే ఉంది, పైగా బయటికొచ్చాక కాసేపు పిచ్చెక్కుతుంది. రాకకు ధర ముందే రాసుంది. కెప్టెన్ అమెరికా శత్రువు రెడ్ స్కల్ ఆ కామిక్ 300వ ఇష్యూలో (1984) ముసలితనంతో చచ్చి, 350లో (1989) స్టీవ్ రోజర్స్ (కెప్టెన్ అమెరికా) క్లోన్ శరీరంతో వచ్చాడు. మనసును ఇంకో ఒంట్లోకి మార్చింది విలన్ శాస్త్రవేత్త ఆర్నిమ్ జోలా. ఆ విద్య వాడికి ముందునుంచీ ఉన్నదే కాబట్టి నమ్ముతాం. ఫెంటాస్టిక్ ఫోర్ విలన్ డాక్టర్ డూమ్ తరఫున చచ్చింది రోబో అనడం ఒకటి రెండుసార్లు సరదాగా ఉంటుంది, ఆ తర్వాత డూమ్ ఓడినా ఎవరూ పట్టించుకోరు. 2004లో తల తెగిన ఎక్స్-మెన్ విలన్ మాగ్నీటో అసలు మాగ్నీటోనే కాదన్నారు. శవం సమస్య తీరింది గానీ, అంతకుముందు చదివిన కథ అబద్ధమైపోయింది. కవల సోదరుడి ఎత్తు గురించి చెప్పక్కర్లేదు, మన సినిమాలు చూసినవాళ్లు ముందే పసిగడతారు.

స్పైడర్‌మ్యాన్‌ను వేటాడే విలన్ క్రేవెన్ కేసు విడిగా చూడాలి. 1987లో స్పైడర్‌మ్యాన్‌ను ఓడించే పని పూర్తయిందనుకుని తుపాకీతో తనను తాను కాల్చుకున్నాడు. చావే వాడి కోరిక. 2010లో కుటుంబం మాంత్రిక క్రతువుతో లేపితే వాడు సంతోషించలేదు, మండిపడ్డాడు. ఆ కోపం వల్లే ఆ రాక కాస్తయినా నిలబడింది. కాబట్టి "రాగలడా" అని అడిగాక "రావాలనుకుంటాడా" అని కూడా అడగండి.

మీరే రాస్తుంటే: రాకకు పనికొచ్చే గుణాన్ని చావుకు కనీసం రెండు ఇష్యూల ముందు వేరే పనికి వాడి చూపించండి. చావు పేజీలో ఒక్కటే దాచండి, ముఖమో, శవం చేరిన చోటో. రెండూ దాస్తే పాఠకుడు అప్పుడే కనిపెట్టేస్తాడు. తిరిగొచ్చాక వివరణ రెండు పేజీలు దాటనివ్వకండి. పోగొట్టుకున్నదేదో ఒకటి వాడి ఒంటి మీదో బుర్రలోనో కనిపించాలి.

ఇవేవీ కుదరకపోతే మనిషిని వదిలేసి ముసుగును లేపండి. నార్మన్ లేని కాలంలో మార్వెల్ చేసింది అదే: 1974లో హ్యారీ, 1978లో అతని మానసిక వైద్యుడు బార్ట్ హామిల్టన్ గాబ్లిన్ వేషం కట్టారు, 1983లో హాబ్‌గాబ్లిన్ అనే కొత్త విలన్ దిగాడు.