హైదరాబాద్ నుంచి అరిజోనాకు: స్ప్రింగ్ ట్రైనింగ్ చూడదలచిన బేస్‌బాల్ అభిమానికి ఒక మార్గదర్శి

అమెరికా కంపెనీల కోసం రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తూ, సహోద్యోగుల మాటల వల్లనో, విరామంలో చూసిన ప్రత్యక్ష ప్రసారాల వల్లనో బేస్‌బాల్‌పై మక్కువ పెంచుకున్నవారు గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల్లో ఇప్పుడు కనిపిస్తున్నారు. వారిలో చాలామంది ఎప్పటికైనా అక్టోబరులో వెళ్లి, సీజన్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ చూడాలని కలలు కంటారు. నా దృష్టిలో మొదటి ప్రయాణానికి తగిన నెల అక్టోబరు కాదు, స్ప్రింగ్ ట్రైనింగ్, అంటే సీజన్‌కు ముందు జట్ల సాధన, జరిగే మార్చి. ఫిబ్రవరి మధ్యలో ముందుగా బంతి విసిరే పిచర్లు, దాన్ని అందుకునే క్యాచర్లు, కొద్దిరోజుల తరువాత మిగిలిన ఆటగాళ్లు శిబిరాలకు చేరుకుంటారు; ఫిబ్రవరి చివరి వారం నుంచి దాదాపు నెల రోజులపాటు సన్నాహక మ్యాచ్‌లు జరుగుతాయి. వీటి ఫలితాలు సీజన్ పట్టికలో చేరవు కాబట్టి ఆటగాళ్లపై ఒత్తిడి తక్కువ, స్టేడియాలు చిన్నవి, మనకూ ఆటగాడికీ మధ్య దూరం కొన్ని అడుగులే. ఉప్పల్ స్టేడియంలో నెట్స్ దగ్గరకు వెళ్లే అవకాశం సామాన్య ప్రేక్షకుడికి ఎంత అరుదో తెలిసినవారికి ఈ చనువు విలువ వెంటనే అర్థమవుతుంది.

అమెరికా ప్రధాన బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ (ఎంఎల్‌బీ)లోని 30 జట్లలో 15 అరిజోనాలో, 15 ఫ్లోరిడాలో సాధన చేస్తాయి. అరిజోనా మ్యాచ్‌లను కాక్టస్ లీగ్ అనీ, ఫ్లోరిడా మ్యాచ్‌లను గ్రేప్‌ఫ్రూట్ లీగ్ అనీ అంటారు. యాంకీస్ అభిమానులు టాంపాకు, రెడ్ సాక్స్ అభిమానులు ఫోర్ట్ మయర్స్‌కు వెళ్లక తప్పదు గానీ, ప్రత్యేకించి ఒక జట్టుకు కట్టుబడనివారు అరిజోనానే ఎంచుకోవాలని నా గట్టి సలహా. ఫ్లోరిడా శిబిరాలు రాష్ట్రమంతా విస్తరించి ఉండగా, అరిజోనాలోని 15 జట్లూ ఫీనిక్స్ నగర పరిసరాల్లోని 10 స్టేడియాల్లోనే ఆడతాయి. 1947లో క్లీవ్‌లాండ్ జట్టు టూసాన్‌కు, న్యూయార్క్ జెయింట్స్ ఫీనిక్స్‌కు సాధనకు రావడంతో మొదలైన సంప్రదాయం ఇది. అయితే మన దేశంతో ముడిపడిన ఒక చిన్న కథ మాత్రం ఫ్లోరిడా వైపే ఉంది. 2008లో భారతదేశంలో నిర్వహించిన ఒక పోటీలో ఎంపికైన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకుని, ఆ జట్టు శిబిరం ఉన్న బ్రాడెంటన్‌లో సాధన చేశారు. ఈ రింకూ సింగ్, నేటి క్రికెటర్ రింకూ సింగ్ ఒకరు కారు.

ప్రయాణపు పనుల్లో అన్నిటికన్నా ముందు చూడవలసినది వీసా. సందర్శకుల వీసాకు డీఎస్-160 దరఖాస్తు నింపి, రుసుము చెల్లించి, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హాజరుకావాలి. ఇంటర్వ్యూ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు కాబట్టి, మార్చి ప్రయాణానికి అంతకుముందు వేసవిలోనే ఆ పని మొదలుపెట్టడం మంచిది. ఎందుకు వెళుతున్నారని అధికారి అడిగినప్పుడు బేస్‌బాల్ చూడడానికని సూటిగా చెప్పండి. ఏ రోజు ఏ స్టేడియానికి వెళ్లదలచుకున్నారో మీకు స్పష్టంగా తెలిసి ఉంటే ఆ జవాబుకు బలం చేకూరుతుంది. వీసా చేతికి రాకముందు విమాన టికెట్లు కొనవద్దు. ఇక సెలవు సంగతి: మన దగ్గర మార్చి అంటే ఆర్థిక సంవత్సరం ముగింపు, పిల్లల పరీక్షలు. అకౌంట్స్ విభాగంలో పనిచేసేవారు ఫిబ్రవరి చివరి వారాన్ని ఎంచుకుంటే ఆఫీసులో ఇబ్బంది ఉండదు; పిల్లలున్నవారు ముందుగా పరీక్షల తేదీలు చూసుకోవాలి.

ఏ వారం వెళ్లాలన్నది మీరు ఏమి చూడాలనుకుంటున్నారన్న దానిపై కూడా ఆధారపడి ఉంటుంది. తొలి వారంలో ప్రారంభ పిచర్ మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒకటి రెండింటితో సరిపెడతాడు, పేరున్న బ్యాటర్లు రెండు మూడు సార్లు బ్యాట్ పట్టి వెళ్లిపోతారు. కానీ ఆటగాళ్లు తీరికగా ఉండేదీ, అభిమానులతో మాట్లాడేదీ అప్పుడే. మార్చి మూడో వారానికి ఆట సీజన్ స్థాయికి దగ్గరవుతుంది, జనమూ పెరుగుతారు. పెద్ద ఆటగాళ్లు ఎదుటి జట్టు మైదానానికి ప్రయాణించడం తక్కువ కాబట్టి, మీ అభిమాన ఆటగాడిని చూడాలంటే అతని జట్టు సొంత మైదానంలో ఆడే రోజునే ఎంచుకోవాలి. కొన్ని రోజుల్లో ఒకే జట్టు రెండుగా విడిపోయి రెండు చోట్ల ఆడుతుంది. టికెట్ కొనేముందు షెడ్యూల్‌లో ఈ విషయం చూసుకోవాలి. 2023లో, 2026లో మాదిరిగా వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ జరిగే ఏడాదిలో చాలామంది తారలు మధ్యలోనే శిబిరం విడిచి తమ దేశాల జట్లకు వెళ్లిపోతారని కూడా గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్ నుంచి లండన్‌కు, లండన్ నుంచి ఫీనిక్స్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు నడుపుతుంది. ఒక్క మార్పుతో చేరుకోవాలంటే ఇది అనుకూలం. మార్చిలో ఫీనిక్స్ హోటళ్ల ధరలు చాలా ఎక్కువగా ఉంటాయి. చాండ్లర్, గిల్బర్ట్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి, అక్కడ బంధువులో స్నేహితులో ఉంటే ముందుగానే కబురు పెట్టండి. స్టేడియాలకు కారు తప్పనిసరి. బయలుదేరేముందు ఆర్టీఏ కార్యాలయంలో ఏడాదిపాటు చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే అద్దె కారు దగ్గర చిక్కులుండవు. మీసా, టెంపీ, స్కాట్స్‌డేల్ తూర్పు వైపున, గ్లెండేల్, పియోరియా, సర్‌ప్రైజ్, గుడ్‌ఇయర్ పడమటి వైపున ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఒక మ్యాచ్, సాయంత్రం దీపాల వెలుగులో మరొకటి చూడదలిస్తే రెండూ ఒకే వైపున ఉండేలా చూసుకోండి. లేకుంటే రెండో మ్యాచ్ తొలి ఇన్నింగ్స్ రోడ్డు మీదే గడిచిపోతాయి.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచినది ఉదయపు సాధన గురించి. ప్రధాన స్టేడియం పక్కనే ప్రతి జట్టుకూ సాధన మైదానాలు ఉంటాయి. డైమండ్‌బ్యాక్స్, రాకీస్ జట్లు పంచుకునే సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌లో ఇవి రెండు జట్లకూ కలిపి 12 ఉన్నాయి. చాలా శిబిరాల్లో ఉదయం పూట వీటిని ఉచితంగా చూడనిస్తారు. వేళలు, నియమాలు జట్టును బట్టి మారతాయి కాబట్టి ముందురోజు ఆ జట్టు వెబ్‌సైట్ చూసుకోవాలి. పన్నెండున్నర గంటల కాలభేదం వల్ల తొలి రోజుల్లో తెల్లవారుజామునే మెలకువ వస్తుంది కాబట్టి ఉదయాన్నే వెళ్లడం కష్టం కాదు. కంచె పక్కన నిలబడి పిచర్ల ఫీల్డింగ్ సాధనను ఓపికగా గమనించండి. పిచర్ మౌండ్ మీద, అంటే తాను బంతి విసిరే మట్టిదిబ్బ మీద, బంతి విసిరినట్టు చేతిని ఆడిస్తాడు. ఆ క్షణంలోనే కోచ్ కుడివైపుకు నేలబారుగా బంతి కొడతాడు. పిచర్ ఆగకుండా మొదటి బేస్ వైపు పరుగెత్తి, ఫస్ట్ బేస్‌మన్ అందించిన బంతిని పరుగులోనే పట్టి, కుడి పాదంతో బేస్ లోపలి అంచును తాకి మైదానం లోపలికి మళ్లాలి. వెనుక నుంచి దూసుకువచ్చే రన్నర్‌ను ఢీకొనకుండా ఉండడానికే ఆ మలుపు. కోట్ల డాలర్ల జీతం తీసుకునే పిచర్ కూడా వరుసలో నిలబడి ఇదే పనిని మళ్లీ మళ్లీ చేస్తాడు. టీవీలో రెండు సెకన్లలో ముగిసిపోయే ఆ ఘట్టం వెనుక ఎంత శ్రమ ఉందో ఇక్కడ తప్ప మరెక్కడా తెలియదు. ఆ తరువాత పిచర్లు బంతి విసరడం సాధన చేసే బుల్‌పెన్ వైపు వెళ్లి, క్యాచర్ గ్లవ్‌లో బంతి పడే చప్పుడు వినండి. వేగాన్ని అంకెల్లో చదవడం వేరు, చెవితో తెలుసుకోవడం వేరు.

ఆటోగ్రాఫ్ కావాలంటే గేట్లు తెరిచిన వెంటనే లోపలికి వెళ్లి, ఆతిథ్య జట్టు డగౌట్ ఉన్న వైపు ఫౌల్ లైన్ (ఆట హద్దు గీత) పక్కనున్న తొలి వరుస దగ్గర నిలబడాలి. బంతిపై సంతకానికి నీలి సిరా బాల్‌పాయింట్ పెన్నే వాడాలి, ఎందుకంటే మార్కర్ సిరా తోలులోకి పాకి అక్షరాలు అలుక్కుపోతాయి. పక్కన పిల్లలుంటే వారిని ముందుకు పోనివ్వడం అక్కడి మర్యాద. జపాన్ తార ఒహ్తాని వల్ల అతని జట్టు డాడ్జర్స్ శిబిరమైన కెమెల్‌బ్యాక్ రాంచ్‌లో రద్దీ విపరీతంగా ఉంటుంది. సంతకాలే లక్ష్యమైతే ఇతర శిబిరాలు మేలు.

టికెట్లు ఫోన్‌లో ఎంఎల్‌బీ బాల్‌పార్క్ యాప్ ద్వారా వస్తాయి. అవుట్‌ఫీల్డ్ కంచె వెనుకనున్న పచ్చిక వాలుపై కూర్చునే టికెట్ అన్నిటికన్నా చవక. దుప్పటి పరచుకుని కూర్చోవచ్చు, హోమ్ రన్ బంతి మీ ఒడిలోనే పడవచ్చు. క్రికెట్‌లోలా దాన్ని తిరిగి విసరనవసరం లేదు, దొరికిన బంతి మీదే. అక్కడ నీడ ఉండదు కాబట్టి, పెద్దవారితో వెళ్లేవారు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనుక పై వరుసల్లో సీట్లు తీసుకోవాలి. ఎండ హైదరాబాద్ మార్చి ఎండంత తీవ్రంగా ఉండదు గానీ, గాలి బాగా పొడిగా ఉండడం వల్ల చెమట తెలియకుండానే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. రాత్రి మ్యాచ్‌కు స్వెట్టర్ తప్పనిసరి. శాకాహారులకు వేయించిన వేరుశనగ కాయలు, బంగాళాదుంప వేపుళ్లు దొరుకుతాయి.

అయిదో ఇన్నింగ్స్ తరువాత చాలామంది లేచి వెళ్లిపోతారు, మీరు వెళ్లవద్దు. 70, 80, 90లలో నంబర్లున్న జెర్సీలతో అప్పుడు వచ్చే కుర్రాళ్లు జట్టులో చోటు కోసం ప్రాణం పెట్టి ఆడతారు. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసేసరికి స్కోరు సమంగా ఉంటే ఆట అక్కడితో ఆగిపోతుంది, ఆశ్చర్యపోకండి. కొత్త నియమాలను పరీక్షించేదీ ఇక్కడే. పిచర్ విసిరిన బంతి స్ట్రైకా (బ్యాటర్ ఆడదగిన పరిధిలో వచ్చిందా) కాదా అన్న విషయంలో అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసే పద్ధతిని 2025 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో పరీక్షించి, 2026 సీజన్‌కు ఆమోదించారు. మన డీఆర్‌ఎస్‌లా చర్చించుకునే వ్యవధి ఇందులో ఉండదు. బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఒకరు వెంటనే తన తల తట్టుకుని సవాలు కోరాలి.

ఈ ఏడాది ప్రయాణం కుదరనివారు ఎంఎల్‌బీ.టీవీలో మ్యాచ్‌లు చూడవచ్చు. అరిజోనాలో ఒంటిగంటా అయిదు నిమిషాలకు మొదలయ్యే ఆట మనకు రాత్రి ఒకటీ ముప్ఫై అయిదుకు వస్తుంది. చివరి ఇన్నింగ్స్‌లో మిమ్మల్ని ఆకట్టుకున్న కుర్రాళ్ల పేర్లు రాసిపెట్టుకుని, వేసవిలో మేజర్ లీగ్‌కు దిగువ స్థాయి అయిన మైనర్ లీగ్‌లో వారు ఎలా ఆడుతున్నారో గమనిస్తూ ఉంటే, మరుసటి మార్చిలో ఏ శిబిరానికి వెళ్లాలో నిర్ణయించుకోవడం తేలికవుతుంది.