గొల్లపల్లిలో వీణ కొనేముందు ఏం మీటి చూడాలి

నా దగ్గర వీణ నేర్చుకునే పిల్లలు తొలి పాఠాలు దాటి వర్ణాల్లోకి వచ్చేసరికి ఇంట్లోవాళ్లు సొంత వీణ మాటెత్తుతారు. విశాఖపట్నంలోనే ఏదో ఒక కొట్లో కొనేస్తామంటే నేను ఆపుతాను. బొబ్బిలి దాకా రైలుంది, ఊరి పక్కనే గొల్లపల్లి. అక్కడైతే వీణ చేసినాయన ఎదురుగానే కూర్చుని మీటొచ్చు, నచ్చకపోతే పక్కది అడగొచ్చు.

బయల్దేరేముందు పిల్ల ఏ శృతికి, అంటే ఆధార స్వరం ఎంత ఎత్తులో పెట్టి, వాయిస్తుందో గురువుగారిని అడిగి రాసుకోండి. మూడు శృతికి వేసిన తీగల్ని ఒకటిన్నరకి దించితే ఎంత మంచి వీణయినా వదులుగానే పలుకుతుంది. ఫోనులో శృతిపెట్టె ఉండాలి. గోళ్లతో మీటే అలవాటుంటే ఆ వారం గోళ్లు తీయకండి. నవ్వకండి, తీసేసుకుని వచ్చినవాళ్లున్నారు.

ముందు చెక్క సంగతి. కుండ (నాదం పలికే గుండ్రటి పెద్ద భాగం), దండి (దాన్నుంచి సాగే పొడుగాటి మెడ) ఒకే పనస దుంగలోంచి తొలిస్తే అది ఏకాండి వీణ. బొబ్బిలి వీణకి పేరు తెచ్చింది ఆ పనే. వీణని బోర్లించి, కుండ దండిలోకి మళ్లే చోట చెక్క చారలు తెగకుండా సాగుతున్నాయో లేదో వెలుతురులో చూడండి. చెక్క ఆరిందో లేదో రంగే చెబుతుంది: పచ్చి పనస పసుప్పచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎరుపు తిరుగుతుంది. పాలిష్ పడితే ఈ తేడా కనబడదు కాబట్టి, ఆర్డరిచ్చేవాళ్లు సగం పనిలో ఉన్నప్పుడు ఒకసారి వెళ్లి చూసిరావడం మేలు. దండి చివర సింహంలాంటి యాళి మొహం, నగిషీ, పూలు అన్నీ తర్వాత. "పాలిష్ బాగుంది కదండీ మేడం" అని తండ్రులు అడుగుతూనే ఉంటారు, నేను వినపడనట్టు కుండ మీది పలకని వేలిముడితో కొడుతూ ఉంటాను. పలకంతా ఒకేలా పలకాలి. ఒకచోట మొద్దుగా వినిపిస్తే అక్కడ చీలిక ఉందేమో అడిగెయ్యండి, మొహమాటం వద్దు.

ఇప్పుడు కూర్చోండి. దండి రెండో చివరనుండే చిన్న బుర్ర ఎడమ తొడ మీద ఆనాలి, ఎడమచెయ్యి భుజం ఎత్తకుండా కుండ వైపున్న పై మెట్ల (తీగ నొక్కే ఇత్తడి కడ్డీల) దాకా వెళ్లాలి. కొనేది ఎవరి కోసమో ఆ పిల్లే కూర్చోవాలి, అమ్మ కూర్చుంటే లెక్కలోకి రాదు.

అసలు పరీక్ష మెట్ల దగ్గర. పదిహేడో శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందని చెప్పుకునే 24 మెట్ల ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. మెట్లు మైనంలో నిలబడతాయి. ఆ మైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి కలుపుతారు, అందుకే నల్లగా కనిపిస్తుంది. శృతి చేయించి విడి సారణి, అంటే ఏ మెట్టూ నొక్కకుండా మొదటి తీగ, మీటండి, తర్వాత పన్నెండో మెట్టు, తర్వాత ఇరవైనాలుగోది. మూడూ షడ్జమాలే (స) కావాలి. దాని పక్కనున్న పంచమం తీగ మీద అయిదో మెట్టు విడి సారణిలో కలిసిపోవాలి. ఇవి కుదిరాక నాలుగు తీగల మీదా ఒక్కో మెట్టూ తాపీగా మీటుతూ వెళ్లండి. ఏ మెట్టు మీదైనా తీగ జుర్రుమంటే దాని పై మెట్టు ఎత్తుగా కూర్చుందన్నమాట. అది చెక్క లోపం కాదు, మేళం (మైనంలో మెట్లు కూర్చే పని) లోపం. చేసినాయన మైనం వెచ్చబెట్టి మీ ముందే సరిచేస్తాడు. ఆ చెయ్యి చూస్తే ఆయన పనితనం మీకే తెలుస్తుంది. ఒక కన్ను మూసి, దండి పొడుగునా మెట్ల వరస చూసుకుంటూ, ఇత్తడి ముక్కని బొటనవేలితో వెంట్రుకవాసి నొక్కి, మళ్లీ మీటి, మళ్లీ నొక్కుతాడు.

చాలామంది సరళీ స్వరాలు వాయించి లేచిపోతారు. గమకం, అంటే తీగ లాగి స్వరాన్ని కదిలించడం, పలికించకుండా లేవకండి. నాలుగో మెట్టు మీద అంతర గాంధారం మీటి, తీగ లాగి మధ్యమానికి, అక్కణ్ణుంచి పంచమానికి తీసుకెళ్లండి. ఒక్క మీటుకే పంచమం దాకా నాదం బతికుండాలి. దారిలో చచ్చిపోతే కుండ మీద తీగలు ఆనే గుర్రం మీది లోహపు పలక వంపు సవరించమనండి. సవరించినా పలక్కపోతే ఆ వీణ వదిలేసి ఇంకోటి అడగండి.

తర్వాత వీణ వేరేవాళ్ల చేతికిచ్చి, గది అవతలి గోడ దగ్గర నిలబడి వినండి. ఒళ్లో ఉన్నప్పుడు ఏ వీణయినా ముద్దొస్తుంది. పక్కనుండే మూడు తాళం తీగలు మీ సారణిని మింగేస్తున్నాయా లేదా అన్నది దూరం నుంచే తెలుస్తుంది. "చిట్టిబాబు గారి వీణలా పలకాలండీ" అని ఆ పెద్ద వైణికుణ్ణి తలుచుకునేవాళ్లకి నా జవాబొక్కటే: ఆ నాదంలో చెక్క వాటా ఎంతో చెప్పలేను గానీ, చేతి వాటా చాలా ఎక్కువ.

తీగలు బిగించే బిరడలు తిప్పి వదిలి, కాసేపు కబుర్లు చెప్పి మళ్లీ శృతి చూడండి. జారుతుంటే కొంచెం సుద్దపొడి చాలు. దానికోసం బేరం తగ్గించమనడం అన్యాయం.

డబ్బిచ్చేముందు తిరుగు మేళం (మెట్లు మళ్లీ సరిచేయడం) మాట తేల్చుకోండి. కొత్త వీణకి తీగల బిగువు సర్దుకున్నాక మెట్లు ఇంకోసారి చూడాలి. మీరు తేవాలా, ఆయన వస్తాడా, దానికి ఎంత తీసుకుంటాడు అన్నీ అప్పుడే అడగండి. తిరుగు ప్రయాణంలో తీగలు కాస్త దించి, పెట్టెలో గుడ్డలు కుక్కి, మనిషి పక్కనే పెట్టుకోండి. కారు డిక్కీలో ఎండకి వదిలితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, రెండోరోజే గొల్లపల్లికి ఫోను చెయ్యాల్సొస్తుంది.