హలాల్ సర్టిఫికెట్ ఫైలు ఎక్కడ ఆగుతుంది, ఎలా కదులుతుంది

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి మిరపపొడి, పసుపు, పచ్చళ్లు, మక్క అటుకుల మిక్చర్ గల్ఫ్‌కో మలేషియాకో పంపాలనుకునే చిన్న యూనిట్ల కోసం, హలాల్ సర్టిఫికెట్ (సరుకు ఇస్లాం నియమాల ప్రకారం తినదగినదనే ధ్రువీకరణ) గురించి ఇది రాస్తున్నాను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), జీఎస్టీ మీ దగ్గర ఉన్నాయనే లెక్క.

సమస్య: సర్టిఫికెట్ చేతిలో ఉంది, కొనేవాడు చెల్లదంటున్నాడు

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. మీకు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను ఆ దేశం గుర్తించలేదు. అన్ని దేశాల్లో చెల్లే హలాల్ సర్టిఫికెట్ అంటూ ఏదీ లేదు. మలేషియాలో జాకిమ్, ఇండోనేషియాలో బీపీజేపీహెచ్, సౌదీలో ఎస్‌ఎఫ్‌డీఏ, యూఏఈలో పరిశ్రమల మంత్రిత్వ శాఖ హలాల్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థలు. తాము గుర్తించిన బయటి సంస్థల జాబితా ఎవరిది వాళ్లదే. మన దేశంలో సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి, కానీ అన్నీ అన్ని జాబితాల్లో ఉండవు.

కాబట్టి ఫీజు కట్టకముందే ఆ దేశం వెబ్‌సైటులో జాబితా తెరిచి సంస్థ పేరు చూడండి. గుర్తింపు గడువు ఎప్పటిదాకా ఉందో, ఏ రకం సరుకుకు ఇచ్చారో కూడా చూడండి. మాంసానికి గుర్తింపు ఉండి, ప్రాసెస్ చేసిన తిండికి లేని సంస్థలు ఉంటాయి. సంస్థవాళ్లు వాట్సాప్‌లో పంపిన పాత కాగితం చూసి నమ్మొద్దు, జాబితాలు మారుతుంటాయి. పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి లక్షల సరుకు ప్యాక్ చేయించుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఫీజు కట్టేశాక తెలిస్తే ఆ సర్టిఫికెట్‌ను ఎటూ సాగదీయలేరు. జాబితాలో ఉన్న సంస్థకు కొత్తగా దరఖాస్తు పెట్టాలి, పాత ఫైలులోని కాగితాలు చాలావరకు పనికొస్తాయి. ఇండోనేషియాకైతే ఇంకో మెట్టు ఉంది: బయటి సర్టిఫికెట్‌ను అక్కడి దిగుమతిదారు బీపీజేపీహెచ్‌లో నమోదు చేయించాలి. బయటి నుంచి వచ్చే తిండి సరుకులకు అక్కడ పెట్టిన గడువు 2026 అక్టోబర్ 17.

సమస్య: ముడిసరుకు వివరాలు చాలవంటూ దరఖాస్తు మళ్లీ మళ్లీ వెనక్కి వస్తోంది

నన్ను ఎక్కువగా సతాయించింది ఇదే. యూనిట్‌వాళ్ల మాట ఎప్పుడూ ఒకటే ఉంటుంది: "మాది ప్యూర్ వెజ్ అండీ, ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంది, గుడ్డు కూడా ముట్టం. మాకు హలాల్‌తో ఇబ్బందేముంటుంది?"

పాలు, పాల పదార్థాలు, తేనె, లక్క లాంటి కొన్ని తప్ప జంతువుల నుంచి వచ్చిందేదీ ఇందులో లేదన్నంతవరకే పచ్చ చుక్క చెబుతుంది. ఆల్కహాల్ చెరకు మడ్డి నుంచి వస్తుంది, అంటే అది వెజ్జే. ఎసెన్సును ఆల్కహాల్‌లో కలిపినా పచ్చ చుక్కకు ఏ అడ్డూ లేదు, హలాల్ ఫైలు మాత్రం అక్కడే ఆగుతుంది.

హనుమకొండ దగ్గర మక్క అటుకుల మిక్చర్ చేసే ఒక యూనిట్ ఫైలు చూడండి. దరఖాస్తులో రాసినవి ఆరు: మక్క అటుకులు, పల్లీలు, పామాయిల్, ఉప్పు, కారం, టొమాటో సీజనింగ్. మొదటి ఐదింటి మీద ఎవరూ ఏమీ అడగలేదు. సీజనింగ్ బస్తా తిప్పి చదివితే ఉప్పు, చక్కెర, టొమాటో పొడి, మాల్టోడెక్స్‌ట్రిన్, ఐఎన్‌ఎస్ 627, 631, 551 (తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే నంబర్లు), చివర్లో చిన్న అక్షరాల్లో "ఫ్లేవరింగ్ సబ్‌స్టెన్సెస్". ఫైలు ఆగింది ఆ చివరి మాట దగ్గర. ఫ్లేవర్‌ను దేంట్లో కరిగించారు? ఇథనాలా, ప్రొపిలీన్ గ్లైకాలా, గ్లిజరినా? గ్లిజరిన్ అయితే పామాయిల్‌దా, జంతువుల కొవ్వుదా? 631 చక్కెరను పులియబెట్టి తీసిందా, చేప లేదా మాంసం నుంచి తీసిందా? చీజ్ ఫ్లేవర్ ఉంటే ఆ చీజ్‌ను విరవడానికి వాడిన ఎంజైమ్ ఎక్కడిది? బిస్కెట్లు చేసేవాళ్లకు షార్టెనింగ్‌ (బిస్కెట్ పిండిలో కలిపే గట్టి కొవ్వు)లోని 471 అనే ఎమల్సిఫయర్ దగ్గర ఇదే చిక్కు, అదీ కొవ్వు నుంచి వచ్చేదే.

డీలరు లెటర్‌హెడ్ మీద "ఇది శాకాహారం" అని రాసి ఇచ్చే కాగితం దీనికి పనికిరాదు. బేగంబజార్‌లో విడిగా తూచి ఇచ్చే పొడికైతే తయారీదారు ఎవరో కూడా తెలియదు, దాన్ని దరఖాస్తులో పెట్టనే పెట్టొద్దు.

తయారుచేసిన కంపెనీకే మెయిల్ పెట్టి స్పెసిఫికేషన్ షీటు, హలాల్ సర్టిఫికెట్, దానికి జతచేసిన ఉత్పత్తుల జాబితా తెప్పించండి. ఆ జాబితా కాగితాన్ని చాలామంది తిరగేయరు. బస్తా మీది ప్రొడక్ట్ కోడ్ ఆ జాబితాలో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకే కంపెనీ టొమాటో సీజనింగ్‌లో ఒక కోడుకు సర్టిఫికెట్ ఉండి, పక్క కోడుకు లేకపోవచ్చు. బస్తా ఏ ప్లాంటు నుంచి వచ్చిందో, గడువు తేదీ ఏమిటో కూడా సరిచూడండి.

మలేషియా ఫత్వా మండలి మద్యం తయారీతో సంబంధం లేని ఆల్కహాల్‌ను ఫ్లేవర్‌లో ఒప్పుకుంటుంది, తుది సరుకులో అది 0.5 శాతం మించకూడదు. అన్ని దేశాల లెక్కా ఇదే అనుకోవద్దు. మీ సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ ఫ్లేవర్ జోలికి పోకండి. కంపెనీ కాగితాలు ఇవ్వనంటే సీజనింగ్ మార్చేయండి. జీలకర్ర, ఆమ్‌చూర్, ఎండుమిర్చి, ఉప్పు మీరే కలుపుకుంటే ఈ గొడవే ఉండదు. ఆ హనుమకొండ యూనిట్ చివరికి అదే చేసింది.

సర్టిఫికెట్ వచ్చాక కూడా ఇదే సమస్య వెనక దారిన వస్తుంది. స్టాకు అయిపోతుంది, కొనుగోళ్లు చూసే కుర్రాడు వేరే కంపెనీ బస్తా దింపుతాడు, రుచి ఒకటే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మళ్లీ ఏడాదికి తనిఖీకి వచ్చినవాళ్లు గోడౌన్ కంటే ముందు కొనుగోలు బిల్లులు అడుగుతారు. అందుకే ఆమోదం పొందిన సరుకు, తయారీదారు, కోడ్ జాబితాను స్టోర్‌రూమ్ తలుపు మీద అంటించండి. జాబితాలో లేని బస్తాను మీరు సంతకం పెట్టకుండా దించనివ్వకండి.

సమస్య: తనిఖీలో మెషీన్ల దగ్గర పేచీ వచ్చింది

ట్రేలకు నూనె రాసే బ్రష్ చూసుకోండి. ఒక్క వెంట్రుక తీసి కాల్చితే తెలిసిపోతుంది: నైలాన్ కరిగి ముద్దవుతుంది, జంతువుల వెంట్రుకైతే జుట్టు కాలిన వాసన వేస్తుంది. పంది వెంట్రుకల బ్రష్ అని తేలితే వ్యవహారం చాలా దూరం పోతుంది, ముందే నైలాన్‌కు మారండి. తిండికి తగిలే చోట వాడే గ్రీజుకు ఫుడ్ గ్రేడ్ కాగితం ఉండాలి. మలేషియా పద్ధతి పాటించేవాళ్లు తయారీ జరిగే హాల్లో పూజ సామాను ఉండొద్దంటారు. దేవుడి పటాన్ని, దీపాన్ని గౌరవంగా ఆఫీసు గదిలోకి మార్చుకోండి, దసరా పూజ అక్కడే చేసుకోవచ్చు.

సమస్య: లేబుల్ మీద అభ్యంతరం

ఎక్కువగా చిరునామా తేడా వల్లే వస్తుంది. లైసెన్సులో హనుమకొండ ఇల్లు, తయారీ మడికొండ షెడ్డులో. రెండూ ఒకటయ్యేలా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో ముందు మార్పించుకోండి. లోగో సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థదే వేయాలి. జాకిమ్ లోగోను నెట్‌లోంచి దించి అచ్చేయొద్దు.

సమస్య: సరుకు పోర్టులో ఆగింది

మిరపపొడి ఆగితే హలాల్‌ను అనుమానించే ముందు నోటీసులో కారణం చదవండి. తరచుగా అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం), పురుగుమందుల అవశేషాలు, కలిపిన రంగు ఉంటాయి. ఎనుమాముల మార్కెట్‌లో కొన్న మిర్చి అయినా, ఏ ఊరి మిర్చి అయినా ల్యాబ్ పరీక్ష లేకుండా పంపొద్దు.

మాంసం ఎగుమతి వేరే లోకం. హలాల్ పేరుతో 15 దేశాలకు పంపే మాంసానికి 2024 అక్టోబర్ 16 నుంచి క్యూసీఐ (క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) వారి ఐ-కాస్ హలాల్ పథకం కింద సర్టిఫికెట్ తప్పనిసరి. పొడులు, పిండివంటలు చేసేవాళ్లకు దాంతో పని లేదు.