తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులో: సమస్య - పరిష్కారం

మేము డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి నాలుగేళ్ళ దాకా గడగడా తెలుగే మాట్లాడాడు. బడిలో చేరిన ఆరు నెలలకే అంతా తిరగబడింది. రెండేళ్ళు తిప్పలు పడ్డాక నాకు అర్థమైంది ఒకటే: పిల్లలకు తెలుగు పాఠాలకంటే ముందు తెలుగు అవసరం కలగాలి.

సమస్య: "అన్నం తిన్నావా?" అంటే "యా, ఐ డిడ్" అంటాడు

కారణం: అమ్మానాన్నలకు ఇంగ్లిషు వచ్చని వాడికి తెలుసు. ఆఫీసు కాల్స్‌లో మనం మాట్లాడేది రోజూ వింటూనే ఉన్నాడు. పని జరిగిపోతున్నప్పుడు కష్టపడి ఇంకో భాషలో ఎందుకు చెప్తాడు?

ఏం చేయాలి: "తెలుగులో చెప్పు" అని మాత్రం అనకండి. మా ఇంట్లో ఆ మాటతో కబుర్లే ఆగిపోయాయి. అవును, కాదులతో తేలిపోని ప్రశ్న వేయండి: "పప్పు వెయ్యనా, పెరుగు వెయ్యనా?" వాడు "ఐ వాంట్ పెరుగు" అంటే, "పెరుగు కావాలా? కొంచెమా, ఎక్కువా?" అని అదే మాటను తెలుగులో తిరిగి అందించండి. మళ్ళీ చెప్పించే ప్రయత్నం వద్దు.

అంతకంటే బాగా పనిచేసింది అమ్మమ్మ ఫోను. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే గుడివాడలో మర్నాడు ఉదయం వేసవిలో ఏడు, చలికాలంలో ఎనిమిది. ఇదివరకు నేను పక్కనే కూర్చుని ఇద్దరికీ అనువాదం చేసేదాన్ని. అదే నా తప్పు. ఇప్పుడు ఫోను వాడి చేతికిచ్చి వేరే గదిలోకి వెళ్ళిపోతాను. ఊరికే "మాట్లాడు" అంటే వాడికి మాటలు దొరకవు, అందుకని ఒక పని అప్పగిస్తాను: పులిహోరకి చింతపండు ఎంతసేపు నానబెట్టాలో కనుక్కురా అని. మొదటి వారం "అమ్మమ్మా... చింతపండు... హౌ లాంగ్?" దగ్గరే ఆగాడు. ఆవిడకి ఇంగ్లిషు రాదు, ఓపిక ఉంది. "ఏంటి కన్నా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. నెల తిరిగేసరికి "ఎంతసేపు నానబెట్టాలి?" వచ్చేసింది.

సమస్య: తెలుగు మాట్లాడతాడు, కానీ క్రియలన్నీ ఇంగ్లిషే

కారణం మనమే. "డోర్ క్లోజ్ చెయ్యి", "లైట్ ఆఫ్ చెయ్యి", "హోంవర్క్ ఫినిష్ చేసెయ్" అంటాం. వాడి చెవిన పడే తెలుగు క్రియ "చెయ్యి" ఒక్కటే. తలుపు వెయ్యి, లైటు ఆర్పు, బట్టలు మడతపెట్టు, నీళ్ళు ఒంపు అనండి. బస్సు, ఫోను లాంటి పేర్లను వదిలెయ్యండి, వాటితో నష్టం లేదు.

సమస్య: చుట్టాల ముందు నోరు విప్పడు

కారణం: ఎవరో నవ్వి ఉంటారు. మావాడు ఒకసారి "అమ్మ వచ్చాడు" అన్నాడు, గదంతా ఘొల్లుమంది. ఇంగ్లిషులో ఆడా మగా తేడా క్రియలో కనిపించదు, తెలుగులో కనిపిస్తుంది. అందుకే ఆ పొరపాటు. తాతయ్యని "నువ్వు కూర్చో" అనడమూ అంతే, అది పొగరు కాదు. చుట్టాలు రాకముందే ఫోన్ చేసి, దయచేసి నవ్వొద్దని అడగండి. నేను అడిగాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.

సమస్య: "ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి" అని బడిలో చెప్పారు

మాకూ చెప్పారు. భయపడి మూడు నెలలు తెలుగు మానేశాం. ఇప్పటికీ ఆ మూడు నెలలు తలచుకుంటే బాధగా ఉంటుంది. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. బిడ్డకు ఎన్ని మాటలు వచ్చో లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి చూడాలి. రెండింటిలోనూ వెనకబడ్డాడనిపిస్తే ఆలస్యం చేయకుండా స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి. ఇంట్లో తెలుగు మాట్లాడతామని ముందే చెప్పండి.

సమస్య: అన్నాచెల్లెళ్ళు తమలో తాము ఇంగ్లిషే

దీన్ని పూర్తిగా ఆపడం నావల్ల కాలేదు. పెద్దవాడు బడి నుంచి తెచ్చిన భాషే చిన్నదానికీ ఆట భాష అయిపోయింది. అందుకని అష్టాచెమ్మా నేర్పాను. గవ్వలు వేసినప్పుడు నాలుగు పడితే "చెమ్మ", ఎనిమిది పడితే "అష్ట" అనాల్సిందే. "నా కాయ పండింది!" అని చిన్నది అరిస్తే, "లేదు, ఇంకో గడి ఉంది!" అని వాడు గొడవపడతాడు. ఆ గొడవలో నేను తలదూర్చను.