ఆర్కిటెక్చర్ విద్యార్థి తొలి కంప్యూటర్‌కు విడిభాగాలు కొనేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థి విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలనుకున్నప్పుడు, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా నాసిరకం భాగం వల్ల కాదు. ఒకదానితో ఒకటి పొసగని భాగాల వల్ల, లేదా తాను వాడే సాఫ్ట్‌వేర్‌కు అక్కరలేని చోట పెట్టిన ఖర్చు వల్ల. అందుచేత కంప్యూటర్ విడిభాగాల దుకాణాలుండే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయలుదేరే ముందే, రాబోయే రెండు మూడేళ్లలో ఏ సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ గంటలు గడపవలసి వస్తుందో సీనియర్లను అడిగి రాసిపెట్టుకోవాలి. చాలా కళాశాలల్లో మొదటి ఏడాది పని ఎక్కువగా టీ-స్క్వేర్, పెన్సిళ్లతోనే సాగుతుంది కనుక, సీటు వచ్చిన వారంలోనే కొనెయ్యాలన్న తొందర అక్కరలేదు.

ఆటోక్యాడ్, రెవిట్, స్కెచ్‌అప్‌లలో గీసేటప్పుడు, మోడల్‌ను మార్చేటప్పుడు భారం చాలావరకు ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ (లెక్కలు చేసే విభాగం) మీదే పడుతుంది. కాబట్టి కోర్ల సంఖ్య చూసి మురిసిపోకుండా, ఒక్కో కోర్ వేగంగా నడిచే 6 లేదా 8 కోర్ల ప్రాసెసర్‌ను ఎంచుకోవడం మేలు. రెండరింగ్, అంటే మోడల్‌ను ఫొటోలా కనిపించే చిత్రంగా మార్చే పని, సంగతి వేరు. ఎన్‌స్కేప్, లూమియన్, డీ5 వంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లు మంచి గ్రాఫిక్స్ కార్డు లేనిదే సాగవు. మోడల్, చెట్లు, టెక్స్చర్లు (ఉపరితలాల మీద అతికే బొమ్మలు) అన్నీ ఆ కార్డులోని మెమరీలో పట్టవలసి ఉంటుంది గనుక, 8 జీబీ ఉన్న కొత్త కార్డు కన్నా కొంచెం నెమ్మదైనా 12 జీబీ ఉన్న కార్డు ఈ పనికి నయమని నా అభిప్రాయం. దుకాణదారు చూపించే గేమింగ్ అంకెలు ఇక్కడ పెద్దగా ఉపయోగపడవు.

భాగాల పొత్తు కుదరడం అన్నింటికన్నా ముఖ్యం. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న మదర్‌బోర్డులు డీడీఆర్4 తరం ర్యామ్‌ను, ఏఎం5 బోర్డులు డీడీఆర్5ను మాత్రమే తీసుకుంటాయి. ఇంటెల్ ఎల్‌జీఏ1700 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి, మోడల్ పేరులో తేడా చాలా చిన్నది. చూసుకోకుండా కొంటే ర్యామ్ స్లాటులో కూర్చోదు. గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొనుక్కుందామనుకునేవారు ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌ను, ఏఎండీలో రైజెన్ 5 5600 వంటి వాటిని తీసుకోకూడదు. వాటిలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కార్డు వచ్చేదాకా తెర వెలగదు. దుకాణంలో ఎంతో కాలంగా ఉన్న బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చు; బయాస్ (కంప్యూటర్ మొదలవగానే నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇమ్మని కొనేటప్పుడే అడగాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగినప్పటికీ, రెవిట్, రెండరింగ్ రెండూ చేసేవారు 32 జీబీ లక్ష్యంగా పెట్టుకుని, దాన్ని రెండు స్టిక్కుల సెట్టుగా తీసుకోవడం మంచిది.

ఖర్చులో కోత పడేది సాధారణంగా భాగాలన్నింటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మీద. కొటేషన్‌లో ప్రాసెసర్, కార్డు పేర్లు పూర్తిగా ఉంటాయి, ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం "550 వాట్స్" అని ఊరుకుంటారు. కంపెనీ, మోడల్ రాయించుకోకుండా డబ్బు కట్టకూడదు. పెట్టె మీది 80 ప్లస్ గుర్తు విద్యుత్తును ఎంత సమర్థంగా వాడుకుంటుందో చెబుతుందే తప్ప, ఓల్టేజీ తేడాల నుంచి కాపాడుతుందని హామీ ఇవ్వదు. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీయగల) ఎస్ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన కేబుళ్లనే వాడాలి; సాకెట్ ఒకేలా కనిపించినా మరో మోడల్ కేబుల్ పెడితే డిస్కులు కాలిపోయే ప్రమాదం ఉంది. యూపీఎస్ మీద రాసే వీఏ (వోల్ట్-ఆంపియర్), అది నిజంగా ఇవ్వగల వాట్లు ఒకటి కావు: 600 వీఏ అన్న యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే ఇస్తాయి. అద్దె గదిలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి.

పాత భాగాలు కొనేవారు మరికొంత జాగ్రత్తగా ఉండాలి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన గ్రాఫిక్స్ కార్డులు పాత సామాను మార్కెట్‌లోకి వచ్చాయి. కళ్ల ముందు అరగంట రెండరింగ్ నడిపి చూపించమనాలి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని కాలక్రమేణా దెబ్బతింటున్నాయని 2024లో కంపెనీయే అంగీకరించి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అలాంటిది బిల్లు లేకుండా కొనకూడదు, కొత్త బయాస్ వేయకుండా నడపకూడదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది కాబట్టి, అధికారికంగా విండోస్ 11 నడవని ఇంటెల్ 7వ తరం, అంతకు ముందరి ప్రాసెసర్లు చవకగా వస్తున్నా అవి దండగే.

బిగించే రోజున, ఎల్‌జీఏ1700 లేదా ఏఎం5 బోర్డు అయితే, సాకెట్ మూత తీసిన వెంటనే లోపలి పిన్నుల ఫొటో తీసుకోవాలి. వంగిన పిన్నులు వారంటీలోకి రావు, తర్వాత ఎవరి తప్పో తేలదు. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకేయాలి. ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నుల కేబుళ్లు వేర్వేరు కనుక బలవంతంగా తొయ్యకూడదు. మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాక కార్డుకే తగిలించాలి. మే నెల ఎండలు ఉన్న ఊళ్లలో గాజు ముఖం క్యాబినెట్ కన్నా జాలీ ముఖం ఉన్నది మేలు.

సీరియల్ నంబర్లతో కూడిన జీఎస్‌టీ బిల్లు, పెట్టెలు జాగ్రత్త చేసి, మార్పిడి గడువు ఉండగానే ఒక రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌86, మర్నాడు రెండు గంటలు ఎడతెగకుండా రెండరింగ్ నడిపి, ఉష్ణోగ్రతలు రాసుకుని, తేడా కనిపిస్తే ఆ రోజే దుకాణానికి తీసుకెళ్లాలి.